ఫొటోలకి కోనసీమ కావాలి, పూడిక మాత్రం వద్దా?

ఇంకో సార్వా, అదే ఖరీఫ్, నెత్తి మీదకొచ్చేసింది, మురుగు కాలవల్లో గుర్రపుడెక్క ఎక్కడిదక్కడే ఉంది. కాలవలు కట్టేసిన ఎండాకాలమంతా ఏం చేశారయ్యా అని అధికారుల్ని అడిగితే ప్రతి ఏడూ ఒకటే మాట, ప్రతిపాదనలు పంపాం, టెండర్లు పిలుస్తున్నాం అని. వాళ్ళు పిలిచేసరికి జూన్ వస్తుంది, డెల్టాకి నీళ్ళొదిలేస్తారు, ఆ హడావిడిలో ఒక పొక్లెయిన్ దిగి పైపైన డెక్క గీకి గట్టు మీద పోసి పోతుంది, మొదటి గట్టి వానకి ఆ డెక్కా ఆ మట్టీ మళ్ళీ కాలవలోకే జారిపోతాయి. బిల్లు మాత్రం జారదు.

కోనసీమ గురించి మా పాఠకులకి కొత్తగా చెప్పేదేం లేదు. గౌతమికీ వశిష్ఠకీ మధ్య నేల, ఆ మధ్యలోంచి వైనతేయ, 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి వరి, గట్ల మీద కొబ్బరి, లంకల్లో అరటి, ఇప్పుడు సముద్రం వైపంతా రొయ్యల చెరువులు. ఇక్కడ నీళ్ళు రావడం ఎప్పుడూ సమస్య కాదు, వచ్చిన నీళ్ళు పోవడమే సమస్య. పోవాలంటే కౌశిక, వాసాలతిప్ప, శంకరగుప్తం లాంటి డ్రైన్లు పారాలి. అవి పారట్లేదు, అంతే.

2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఏంటో గుర్తుందా? ప్రభల తీర్థం, సంక్రాంతికి దేవుళ్ళ ప్రభల్ని ఊరేగించే మన కోనసీమ జాతర. దేశమంతా చప్పట్లు కొట్టింది, మేమూ మురిసిపోయాం. కనుమ రోజు జగ్గన్నతోటకి ఆ ప్రభల్ని భుజాలకెత్తుకుని ఏ కాలవలోంచి దాటిస్తారో ఎవరైనా అడిగారా? కౌశికలోంచి. ఆ దృశ్యం డ్రోన్‌తో తీసి టూరిజం వీడియోల్లో పెట్టుకోడానికి పనికొచ్చే కాలవ, పూడిక తీయించుకోడానికి మాత్రం పనికిరాదు. మాకు కోపం వస్తున్నది సరిగ్గా ఇక్కడే.

నిధుల్లేవు అనే మాట రైతుల దగ్గర చెప్పకండి, దండం పెడతాం. 1968లోనే చట్టం చేసి మరీ డెల్టా రైతు మీద డ్రైనేజీ సెస్సు వేసిన రాష్ట్రం ఇది. మురుగు పోయినందుకు డబ్బులు కట్టిన రైతు మనవడు ఇప్పుడు అదే మురుగులో నిలబడి నారు ఏరుకుంటున్నాడు. నాలుగు రోజులు నీళ్ళలో నానిన నారుమడిలో చెయ్యి పెడితే మొక్క వేరుని వదిలేసి ఊడొస్తుంది, వాసన కొడుతుంది, మళ్ళీ విత్తనాలు, మళ్ళీ దమ్ము, మళ్ళీ అప్పు. అతను కౌలు రైతైతే ఇంకా దారుణం, మక్తా, అంటే కౌలు కింద ఇచ్చే బస్తాలు ముందే ఒప్పేసుకున్నాడు, 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం సాగుదారు కార్డు కావాలంటే భూమి యజమాని ఒప్పుకోవాలి, ఆయన ఒప్పుకోడు, నష్టపరిహారం మాత్రం ఆయన ఖాతాలోనే పడుతుంది.

సముద్రం పోటు మీదుంటే, గోదారి నిండుగా ఉంటే డ్రైను బాగున్నా నీళ్ళు లాగవని ఇంజనీర్లు అంటారు, అందులో కొంత నిజముంది. కానీ పోటు రోజూ వస్తుంది, రోజూ పోతుంది కూడా. పాటు వేళ, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు లాగాల్సిన నీళ్ళకి అడ్డమేంటి? పూడిక, డెక్క, ఆక్రమించి కట్టిన చెరువు గట్లు. వీటిల్లో ఒక్కటైనా సముద్రుడు చేశాడా?

శంకరగుప్తం డ్రైన్ పక్క ఊళ్ళకెళ్ళి చూడండి, ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరి చెట్లు తలలు రాలిపోయి మోడులై నిలబడ్డాయి. ఒక కొబ్బరి తోట పెరగడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆఫీసుల్లో ఫైళ్ళ మీద సంతకాలు పెట్టే వాళ్ళకి తెలుసా అని మా అనుమానం.

2011లో ఇదే కోనసీమ పంట విరామం అంటే దేశమంతా ఉలిక్కిపడింది, మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందాతో కమిటీ వేశారు, రిపోర్టొచ్చింది. పదకొండేళ్ళు గడిచాక 2022లో అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, ఐ.పోలవరం వైపు రైతులు మళ్ళీ అదే మాటన్నారు, మళ్ళీ డ్రైన్ల గురించే. మధ్యలో ప్రభుత్వాలు మారాయి, జిల్లా కొత్తగా పుట్టింది, బోర్డులు మారాయి. పూడిక మారలేదు. అన్నం పెట్టే నేల ఈ సారి సాగు చెయ్యం అని ప్రకటిస్తే దాన్ని కూడా ఒక సీజనల్ వార్తలా చూడటం అలవాటైపోయింది, అదే మమ్మల్ని భయపెడుతోంది.

ఏ డ్రైన్‌లో ఎన్ని కిలోమీటర్లు తీశారు, ఎవరు తీశారు, ఎంత బిల్లు అయ్యింది, ఊరూరా పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయండి. రైతు గట్టెక్కి తనే కొలుచుకుంటాడు. అది చేతకాకపోతే వరదొచ్చినప్పుడు మోకాళ్ళ దాకా ప్యాంటు మడుచుకుని కెమెరాలేసుకుని రాకండి, ఆ నీళ్ళు మీరు నిలబెట్టినవే.