ఊరికే వచ్చేది మనం ముట్టం

మొన్న మా అమ్మాయి పెళ్లికార్డు వేయించడానికి సందు చివరి డీటీపీ షాపుకి వెళ్లాను. అక్కడ కూర్చున్న రెండు గంటల్లో నాకు కలిగిన జ్ఞానం నలుగురికీ పంచకపోతే పాపం తగులుతుందని ఇది రాస్తున్నాను. కాపీ సాఫ్ట్‌వేర్ వాడటం దొంగతనమని గిట్టనివాళ్లు ప్రచారం చేస్తుంటారు కదా, వాళ్లెవరూ డీటీపీ షాపులో రెండు గంటలు కూర్చుని ఉండరు.

అసలు దొంగతనమంటే ఏమిటి? పక్కింటాయన సైకిల్ ఎత్తుకొస్తే తెల్లారేసరికి ఆయనకి సైకిల్ ఉండదు, వీధంతా వినపడేలా తిడతాడు. అదే ఫోటోషాప్ కాపీ చేస్తే అమెరికావాడి ఫోటోషాప్ అమెరికాలోనే భద్రంగా ఉంటుంది, వాడు తిట్టినా మనదాకా వినపడదు. పోనీ మనమేమైనా ఊరికే తెచ్చుకున్నామా? ఆ రోజుల్లో ఫుట్‌పాత్ మీద సీడీ 50 రూపాయలంటే, అరగంట ఎండలో నిలబడి బేరమాడి 30కి కొన్నాం. డబ్బులిచ్చి కొన్నది దొంగసొత్తు ఎలా అవుతుందండీ?

చట్టం ఒప్పుకోదంటారు. కాపీరైట్ చట్టంలో 63బి అని ఒక సెక్షన్ ఉంది, 1994 సవరణలో వచ్చింది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్లో వాడినవాడికి 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారానికి వాడలేదని తేలితే కోర్టు జైలు లేకుండా జరిమానాతో వదిలేయొచ్చు కూడా. ఇందులో ‘తెలిసి’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మనకి తెలీదు. తెలీకుండా ఉండటానికి మనం పడే శ్రమ ఆ చట్టం రాసినవాళ్లకి తెలీదు. కంప్యూటర్ అమ్మినాయన "అన్నీ వేసిచ్చాను సార్" అన్నాడు. అన్నీ అంటే ఏమేమిటని ఎదురు ప్రశ్న వేయడం మర్యాదేనా?

పైగా పెద్దల అనుమతి ఉండనే ఉంది. 1976లో బిల్ గేట్స్ అనే 20 ఏళ్ల కుర్రాడు, మేం రాసిన బేసిక్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంని అందరూ వాడుతున్నారు, కొనేవాళ్లు మాత్రం చాలా తక్కువ, మా కష్టానికి గంటకి 2 డాలర్లు కూడా పడలేదని బహిరంగ లేఖ రాసి వాపోయాడు. చిన్నతనం. 1998కల్లా బుద్ధి వికసించి, చైనావాళ్లు ఎలాగూ దొంగిలిస్తారు కాబట్టి మనదే దొంగిలించనిద్దాం, అలవాటు పడతారు, వసూళ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు అనే అర్థంలో మాట్లాడాడు. అది చైనాకి చెప్పిన మాటే, కాదనను, కానీ ఇరుగుపొరుగువాళ్లం, మనల్ని వేరుగా చూస్తాడా?

సరే, షాపు దగ్గరికొస్తాను. నేను వెళ్లేసరికి ఫోటోషాప్ ‘పోయింది’, మళ్లీ ఎక్కిస్తున్నారు. దసరా నాటి కుంకుమబొట్టు ఇంకా మానిటర్ మీదే ఉంది. కుర్రాడు ముందు నెట్ వైరు పీకాడు. తర్వాత యాంటీవైరస్ ఆపాడు (అదీ ఇలా వచ్చినదే, తోటివాడిని చూసి అరుస్తుందెందుకో). తెరమీద లైసెన్సు ఒప్పందం వచ్చింది. ‘నిబంధనలన్నింటికీ అంగీకరిస్తున్నాను’ అన్నచోట నిబద్ధతగా టిక్కు పెట్టాడు. ఆ తర్వాతే, లైసెన్సు అడక్కుండా నోరు మూయించే క్రాక్ ఫైలు తెచ్చి అందులో పడేశాడు. మధ్యలో ఖాళీ దొరికితే పేజ్‌మేకర్‌లో నా కార్డు మ్యాటర్ కొడుతున్నాడు. ఆ పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, 2004లో దాన్ని కన్నవాళ్లే ఇక మావల్ల కాదని చేతులెత్తేశారు. మనవాళ్లు మాత్రం కడుపులో పెట్టుకుని సాకుతున్నారు. దీన్ని దొంగతనమంటే అనాథాశ్రమం నడిపేవాళ్లందరినీ లోపలేయాలి.

ఉండబట్టలేక ఓనరుగారిని అడిగాను, గింప్, ఇంక్‌స్కేప్ అని ఇలాంటి బొమ్మల పనికే ఉచితంగా వచ్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాటికి క్రాకులూ గీకులూ అక్కర్లేదు, అవి వాడొచ్చు కదండీ అని. ఆయన నన్ను అన్నదానం క్యూ చూపించినవాడిలా చూశాడు.

"ఊరికే ఇచ్చేది మంచిదెందుకవుతుంది సార్? మాదంతా ఒరిజినలే."

మా మేనల్లుడిదీ ఇదే పౌరుషం. మాదాపూర్‌లో ఒక కంపెనీలో, కస్టమర్ దగ్గరున్న లైసెన్సు అసలుదా నకిలీదా అని కనిపెట్టే ప్రోగ్రాం రాస్తాడు. ఇంట్లో వాడి లాప్‌టాప్‌లో కుడివైపు అడుగున, విండోస్‌ని యాక్టివేట్ చేసుకో నాయనా అన్న మాట బూడిదరంగులో ఏళ్లతరబడి వెలుగుతూనే ఉంది. ఆఫీసు పని ఇంటికి తీసుకురాకూడదంటాడు.

కార్డు బాగా వచ్చింది. డబ్బులిచ్చి, తేదీ ఏమైనా మారితే మేమే మార్చుకుంటాం, ఓపెన్ ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లో వేయమన్నాను. ఓనరుగారి మొహం మారిపోయింది.

"పీడీఎఫ్ ఇస్తాం సార్. ఓపెన్ ఫైలు మాత్రం ఇవ్వం. మీరు పట్టుకెళ్లి ఇంకో షాపులో కొట్టించేసుకుంటారు. రాత్రింబవళ్లు కూర్చుని డిజైన్ చేసినోళ్లం, మా కష్టమేం కావాలి?"

ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. నాకు సిగ్గేసింది. మారుమాట్లాడకుండా పీడీఎఫ్ తీసుకుని వచ్చేశాను.

పీడీఎఫ్‌ని విప్పి మళ్లీ మార్చుకునేలా చేసే సాఫ్ట్‌వేర్ ఒకటుందట, ధర మండిపోతోంది. మేనల్లుడికి చెప్పాను, సాయంత్రానికల్లా తెస్తానన్నాడు.