హ్యాండ్స్‌ఫ్రీ దొరగారికి తమ కాపలాదారు వ్రాయునది

మహారాజశ్రీ హ్యాండ్స్‌ఫ్రీ డ్రైవింగ్ దొరగారికి,

ఇక్కడ నేను క్షేమం. ఆ సంగతి నాకన్నా తమరికే బాగా తెలుసు, స్టీరింగ్ దగ్గర కెమెరా పెట్టుకుని నా కళ్ళలోకి చూస్తూనే ఉంటారు కదా. ఈ ఉత్తరం మాత్రం బండి పక్కన ఆపి రాస్తున్నాను. హైవే మీద వేగమూ స్టీరింగూ కారు చేతే నడిపించే తమరు వచ్చాక చేతులకు ఖాళీ దొరికింది గానీ కళ్ళకు సెలవు దొరకలేదు.

ముందు తమరి వంశం సంగతి. కాలు తీసినా కారు వేగాన్ని ఒకేలా పట్టి ఉంచే క్రూజ్ కంట్రోల్‌కు 1950లో పేటెంట్ పొందిన రాల్ఫ్ టీటర్‌కు ఐదేళ్ళ వయసులోనే చూపు పోయింది. ఆయన తరఫు లాయరు ఒకాయన కారు నడుపుతూ, తాను మాట్లాడేటప్పుడు వేగం తగ్గించి, వినేటప్పుడు పెంచి, పక్కనున్న ఈయన్ని కుదిపేసేవాడట. ఆ చిరాకులోంచి పుట్టిందంటారు ఆ ఆలోచన. 1958లో అది క్రైస్లర్ కార్లలోకి వచ్చినప్పుడు పెట్టిన పేరు 'ఆటో పైలట్'. చేసే పనికన్నా పేరు పెద్దదిగా ఉండటం తమరి ఇంట్లో తాతల నాటి ఆచారమన్నమాట. చూపు లేని మనిషి చేసిన యంత్రానికి మనవడై పుట్టి, తమరు ఇప్పుడు నన్ను అడిగేది చూపు ఒక్కటే!

తమరికి ఇద్దరు అన్నలు. పెద్దాయన అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్. ముందు బండిని రాడార్‌తో కనిపెట్టి, అది నెమ్మదిస్తే తానూ నెమ్మదిస్తాడు, అది అందుకుంటే తానూ అందుకుంటాడు. నా కాళ్ళ పని ఆయన చూసుకున్నాడు. రెండో ఆయన లేన్ కీపింగ్, కెమెరాతో రోడ్డు మీది గీతలు చదువుతాడు. ఈయనలో మళ్ళీ రెండు రకాలు. గీత తొక్కబోయేటప్పుడు ఒక్క నెట్టు నెట్టి మళ్ళీ తన దారిన తాను ఊరుకునే రకం ఒకటి. గీతల నడుమ బండిని పట్టి ఉంచే రకం ఇంకొకటి. మొదటి రకాన్ని నమ్మి చేతులు వదిలితే బండి ఆ గీత నుంచి ఈ గీతకు క్యారమ్స్ కాయిన్‌లా తిరుగుతుంది. షోరూముల్లో రెండింటినీ ఒకే పేరుతో చెప్పేస్తారు, అది వేరే బాధ.

అన్నలిద్దరూ పాతకాలం మనుషులు. స్టీరింగ్ మీద చెయ్యి ఉండాల్సిందే. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 79వది ఈ లెక్క కూడా రాసిపెట్టింది: చెయ్యి తీస్తే 15 సెకన్లలోపు కంటికి హెచ్చరిక, 30 సెకన్లలోపు చెవికి కూడా. ఆ గోల ఆపడానికి, చెయ్యి ఉందని కారు భ్రమపడేలా స్టీరింగ్‌కు నీళ్ళ సీసా కట్టిన మేధావులున్నారు. అందుకోసమే బరువులు తయారుచేసి అమ్మబోతే 2018లో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఆపించాల్సి వచ్చింది.

తమరు సీసాలతో పడేవారు కాదు. 2017లో సూపర్ క్రూజ్ పేరుతో కాడిలాక్ కారులో దిగినప్పుడే చేతులు అడగడం మానేసి కళ్ళు అడిగారు. రాడార్ పెద్దన్నది, గీతల చదువు చిన్నన్నది. తమరి సొంత ఆస్తి ఏమిటయ్యా అంటే, ముందే కొలిచి పెట్టుకున్న హైవేల మ్యాపు, నా కళ్ళు ఎటున్నాయో కెమెరాకు తెలియడానికి నా మొహం మీద పడే, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు. అన్నలు రోడ్డు మీద కాపలా కాస్తుంటే, తమరు నా మీద కాస్తున్నారు.

చేతుల సంగతి చెప్పుకోవాలి. మొదటి రోజు హైవే ఎక్కాను, చేతులు తీయొచ్చని చెప్పే తమరి పచ్చదీపం వెలిగింది, పండగలాగా చేతులు తీశాను. తీశాక తెలిసింది, వాటిని పెట్టుకోవడానికి చోటే లేదని. ఒళ్ళో పెట్టుకుంటే పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నట్టుంది. కట్టుకుంటే హెడ్మాస్టరు గది ముందు నిలబడ్డట్టుంది. మోకాళ్ళ మీద వెల్లకిలా పెడితే ధ్యానంలోకి పోయి కళ్ళు మూతలు పడుతున్నాయి, తమరికి కోపం వస్తోంది. ఫోను ముట్టుకోకూడదు, పుస్తకం తెరవకూడదు. చివరికి చేతులు వాటంతట అవే స్టీరింగ్‌కు రెండంగుళాల దూరంలో, వేడి గిన్నె దించబోతున్నట్టు గాల్లో ఆగిపోయాయి. అలా గంట ప్రయాణం చేసి దిగేసరికి భుజాలు పట్టేశాయి. పట్టుకుని నడిపిన ఇన్నేళ్ళలో రాని నొప్పి, వదిలేసిన మొదటి రోజే వచ్చింది.

అదే రోజు మా ఆవిడ ఏదో చెబుతోంది. మొహం చూసి వినడం నాకలవాటు, అటు తిరిగాను. పచ్చదీపం టపటపా కొట్టుకుంది, ఎర్రబడింది, సీటు గజగజా వణికింది. ఉలిక్కిపడి రోడ్డు వైపు తిరిగాను. "నా మాట వినకుండా ఉండటానికి మీకు మంచి సాకు దొరికింది" అంది ఆవిడ. ఈ ఇంటి గొడవకు తమరు పూచీ పడతారా?

అదైనా మర్చిపోగలను. నాలుగో రోజు చేసింది మాత్రం మర్చిపోలేను. తమరి మ్యాపులో లేని ముక్క ఏదో వచ్చింది. తమరు మర్యాదగా తప్పుకుని బండిని చిన్నన్నకు అప్పజెప్పారు. ఆయనకు చేతులు కావాలి, నావేమో ఒళ్ళో ఉన్నాయి. కారుదేమో అదే వేగం, అదే లేన్, ముందు అదే నీలం బండి. తమరు దిగిపోయారని నా ఒంటికి ఎలా తెలుస్తుంది? డాష్‌బోర్డు మీద బొమ్మ రంగు మారిందట, చిన్న గంట కూడా మోగిందట. నేను రోడ్డు చూస్తున్నాను స్వామీ, చూడమన్నది తమరే కదా! వంపు దగ్గర చిన్నన్న తన వల్ల కాదని వదిలేశాడు, బండి గీత మీదికి జారింది. పట్టుకున్నాను. ఏమీ కాలేదు. ఆ తర్వాత కాసేపు మాత్రం చేతులు వణికాయి, సీటులాగే.

పెద్దన్న జబ్బు ఒకటి తమరికీ వారసత్వంగా వచ్చే ప్రమాదం ఉంది. రాడార్‌కు వంతెన, బోర్డు, రోడ్డు పక్క రెయిలింగు, అన్నీ వినిపిస్తాయి. అన్నిటికీ బ్రేకు వేస్తే బండి ముందుకు కదలదు. అందుకని కదలని వాటిని పెద్దగా పట్టించుకోవద్దని నేర్పి పెంచారు. ముందు బండి చటుక్కున పక్క లేన్‌లోకి తప్పుకుంటే, దాని వెనక ఆగి ఉన్న లారీ కూడా ఆ 'కదలని వాటి'లో చేరిపోవచ్చు. ఈ మాట కార్ల మాన్యువల్స్‌లోనే ఉంది, అందరూ చదవని పేజీల్లో.

ఇక చదువు. వాహన ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ వాళ్ళు, కారు తనంతట తాను ఎంత నడుపుకుంటుందో చెప్పడానికి 2014లో సున్నా నుంచి ఐదు దాకా తరగతులు పెట్టారు. ఒక్క నెట్టు నెట్టి ఊరుకునే చిన్నన్నది సున్నా తరగతి. పెద్దన్న ఒక్కడే పనిచేస్తే ఒకటి. వేగం ఒకరు, స్టీరింగ్ ఒకరు ఎడతెగకుండా చూసుకుంటే రెండు. చేతులు వదిలెయ్యమనే తమరిదీ రెండే! యూనిఫాం కొత్తది, బెంచీ పాతది. మూడో తరగతికి వెళితే, అది నడిపినంతసేపూ రోడ్డు మీద నుంచి చూపు తీసెయ్యొచ్చు, పిలిచినప్పుడు మాత్రం పలకాలి. 2022లో జర్మనీలో మెర్సిడెస్ ఆ తరగతికి వెళ్ళినప్పుడు పరిమితి గంటకు 60 కిలోమీటర్లు, అదీ హైవే మీద. తమరు అంతకు రెట్టింపు వేగంతో వెళ్తూ, బాధ్యత మాత్రం నా ఒళ్ళో, ఖాళీ చేతుల పక్కనే పెడతారు.

పోనీ ఆ కాపలా అయినా నా వల్ల అవుతుందా? రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెర ముందు కూర్చున్నవాళ్ళు జాడలు ఎందుకు వదిలేస్తున్నారో తేల్చడానికి నార్మన్ మాక్‌వర్త్ ఒక గడియారం పెట్టాడు. ముల్లు ఎప్పుడో ఒకసారి రెండు గెంతులు ఒకేసారి వేస్తుంది, అది చూసి చెప్పాలి. అరగంట తిరిగేసరికి మనుషులు వదిలేయడం ఎక్కువైంది. 1948లో అచ్చయిన సంగతి ఇది. అప్పటికి తమరి తాతకు పేటెంట్ కూడా రాలేదు. 2024 మార్చిలో అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ తమరి లాంటివాళ్ళను, తమరి అన్నలను కలిపి 14 వ్యవస్థలను పిలిచి, డ్రైవరు ధ్యాసను ఎలా కాపాడుతున్నారో చూసి మార్కులు వేసింది. 11 మందికి అన్నిటికన్నా కింది మార్కు. ఫర్వాలేదనిపించుకున్నది ఒక్కరే.

తమరు వెళ్ళిపోండి అనను. తిన్నగా సాగే హైవే మీద తమరి చెయ్యి నాకన్నా నిలకడ, ఒప్పుకుంటాను. దిగిపోయేటప్పుడు మాత్రం చెప్పి దిగండి. రంగు మార్చి కాదు, గట్టిగా, పేరు పెట్టి పిలిచి.

ఇట్లు,
తమరి జీతం లేని కాపలాదారు,
డ్రైవరు సీటు నుంచి.

తా.క.: నిన్న తమరిని ఆపేసి అంత దూరమూ చేత్తోనే నడిపాను. దారిలో రెండుసార్లు మా ఆవిడ వైపు తిరిగాను. దీపం వెలగలేదు, సీటు వణకలేదు. "ముందు రోడ్డు చూడండి!" అని ఆవిడే కేకేసింది.