సవరణ: హిస్పానిక్ జనాభా పెరుగుదలకు అసలు కారణం

అమెరికాలో హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) జనాభా గురించి మొన్న రాసిన పోస్టులో, ఆ పెరుగుదలంతా సరిహద్దు దాటి వచ్చేవాళ్ల వల్లేనని రాశాను. అది తప్పు. 2010లో సుమారు 5.05 కోట్లున్నవాళ్లు 2020 నాటికి 6.21 కోట్లయ్యారు. ఆ పదేళ్లలో దేశంలో పెరిగిన జనాభాలో సగానికి పైగా వాళ్లే. అయితే అందులో ఎక్కువ భాగం ఇక్కడే పుట్టిన పిల్లలది. పుట్టుకతోనే పౌరులైన పిల్లల్ని వలసవాళ్లని రాసినందుకు క్షమించండి.

హిస్పానిక్‌ని ఒక జాతి అనడమూ పొరపాటే. 2020 సెన్సస్ ఫారంలో 'మీది హిస్పానిక్ మూలమా?' అనేది ఒక ప్రశ్న, జాతి ఏదన్నది దాని తర్వాత వచ్చే వేరే ప్రశ్న. నల్లవాళ్లయినా తెల్లవాళ్లయినా హిస్పానిక్ కావచ్చు.

ఆ 6.21 కోట్లు కూడా తక్కువ లెక్కే. దాదాపు 5 శాతం మంది లెక్కలోకి రాలేదని సెన్సస్ బ్యూరోనే తేల్చింది. బడి, ఆసుపత్రి నిధులు ఈ అంకెల్ని బట్టే వస్తాయి కాబట్టి ఆ నష్టం చిన్నది కాదు.

మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో 2022 నుంచి అతి పెద్ద వర్గం హిస్పానిక్‌లే. మొన్నటి పోస్టులోని ఆ మాట మాత్రం అలాగే ఉంచుతున్నాను.