చేవెళ్ల మర్రులు: లెక్కే తప్పు

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే చేవెళ్ల రోడ్డును వెడల్పు చేయడానికి పక్కనున్న మర్రిచెట్లను తీసేయాలన్న గొడవ తెలిసిందే. హైదరాబాద్ శివారులోని అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, దాదాపు 900 మర్రులు. ఎన్ని కొట్టాలి, ఎన్ని పెకలించి వేరేచోట నాటాలి అన్నదాని చుట్టూనే వాదన తిరిగింది. కానీ అక్కడున్నవి విడివిడి చెట్లు కావు, ఒకదాని తర్వాత ఒకటి కాసే కాపు గొలుసు.

మర్రికాయ లోపలంతా పూలే. వాటికి పుప్పొడి మోసేది ఒకట్రెండు మిల్లీమీటర్ల కందిరీగ. మర్రికి ఒక జాతి, రావికి ఒకటి, మేడికి ఇంకొకటి. కాయ కొసనున్న సన్నటి సందులో దూరేటప్పుడే ఆడదాని రెక్కలు ఊడిపోతాయి. గుడ్లు పెట్టి లోపలే చస్తుంది. దాని సంతానంలో రెక్కల్లేని మగవి కాయగోడకు బెజ్జం తొలుస్తాయి. అందులోంచి పుప్పొడితో బయటపడ్డ ఆడదానికి ఆయుష్షు ఒకట్రెండు రోజులే. ఆలోపు పూతమీదున్న మరో మర్రి దొరకాలి. పుట్టిన చెట్టు పనికిరాదు, దాని కాయలన్నీ దాదాపు ఒకే ఈడువి. అంటే ఏ నెలలో చూసినా ఆ దారిలో ఒక మర్రి పూతలో, ఇంకొకటి పండులో ఉండాలి. వేరే పండ్లు లేని రోజుల్లో కోకిలకు, గోరింకకు, గబ్బిలానికి తిండి దొరికేది అందుకే. మేడిపండులో పురుగుల్ని మోసానికి పోలికగా వాడుకుంటాం గానీ, ఆ పురుగుల్లేకపోతే మేడికి విత్తనమే లేదు.

రోడ్డు ఇరుకు, ప్రమాదాల్లో మనుషులు పోతున్నారన్నది కాదనలేని మాట. అయితే చెట్ల వరసను డివైడర్‌గా వదిలి రెండో దారి పక్కన వేసినా వెడల్పు చేసినట్టే. అన్నిటినీ ఒకే సీజన్లో మోడు చేసి తరలిస్తే, బతికినవి కూడా మళ్లీ కొమ్మ సాగి కాసేదాకా కందిరీగకు చోటుండదు.

అసలు రోగం మనం మొక్కలు ఎంచే తీరులోనే ఉంది. మేక ముట్టనిది, పురుగు పట్టనిది కావాలని ఊరూరా కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు నాటాం. పురుగు తినని ఆకుతో ఏ గొంగళి సీతాకోకచిలుక అవుతుంది? కంపగా కొట్టిపారేసే జిల్లేడే గొంగళికి తిండి పెడుతోంది.

మర్రికి నర్సరీ కవరు అక్కర్లేదు. తొలకరి పడ్డాక మణికట్టు లావు, ఆరేడడుగుల పొడవున్న కొమ్మ చాలు. ఆకులు దూసి, పైకోతకు పేడ మెత్తి, రెండడుగుల లోతున పాతాలి. నీరు నిలిస్తే కుళ్లుతుంది, కదిలితే లేతవేరు తెగుతుంది; మట్టి గట్టిగా తొక్కి ముళ్లకంచె కట్టాలి. కొమ్మలన్నీ ఒకే చెట్టువి తెస్తే కాపు కూడా ఒకేసారి వచ్చే అవకాశం ఎక్కువ. కనీసం పది చెట్ల నుంచి తెచ్చి, ఏ చెట్టు కొమ్మ ఎక్కడ పాతారో రాసిపెట్టుకోవాలి.