కాగితపు బర్రెకు జాతి హోదా ఇవ్వాలి

దేశంలో బర్రె జాతులకు కొదవ లేదు. ముర్రా ఉంది, జాఫరాబాదీ ఉంది, మెహ్సానా ఉంది. కర్నాల్‌లో కూర్చుని పశుజాతులకు గుర్తింపు ఇచ్చే పెద్దలు ఒక్క జాతిని మాత్రం ఇన్నేళ్లుగా చిన్నచూపు చూస్తున్నారు. అది కాగితపు బర్రె. పుట్టుక ఫైలులో, మేత బడ్జెట్‌లో, పాలు ప్రగతి నివేదికలో. పాడి సబ్సిడీ అనే మాట ఎక్కడ వినబడినా కొమ్ములూపుకుంటూ ముందుకొచ్చే జాతి.

దీని సుగుణాలు చూడండి. తవుడు అడగదు, చెక్క అడగదు. ఎండాకాలంలో వరిగడ్డి దొరక్కపోయినా దీనికి చీమ కుట్టినట్టుండదు. పొదుగువాపు రాదు, ఒట్టిపోదు. అసలు బర్రె చూడి కట్టాక పది నెలలు ఆగాలి. ఇది మార్చి నెలాఖరులో ఒక్క రాత్రే ఎన్నైనా ఈనుతుంది.

ప్రయాణంలోనూ దీనికి సాటి లేదు. బిహార్ దాణా కుంభకోణంలో పశువులు స్కూటర్లెక్కి వచ్చాయని రికార్డులు చెప్పాయి. మనవాళ్లూ తక్కువ తినలేదు. తెలంగాణలో 2017లో గొర్రెల పథకం మొదలైంది. ఒక్కొక్కరికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. జీవాలను తోలినట్టు చూపిన బండ్ల నంబర్లను సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఆరా తీస్తే అందులో బైకులు, అంబులెన్సులు తేలాయి. బైకుల మాట ఎలా ఉన్నా, అంబులెన్సును తప్పుపట్టడం మానవత్వం కాదు. మందలో ఎవరికైనా సుస్తీ చేసిందేమో ఆడిటర్లు అడిగారా?

ఇక నిజం బర్రె. దాంతో సర్కారుకు ఎంత టెన్షన్! 2018లో పాడి రైతులకు 80 వేల రూపాయల యూనిట్ అన్నారు. సగం సబ్సిడీ, ఎస్సీ, ఎస్టీలకైతే ముప్పావు వంతు. బర్రెనేమో పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకోవాలి. అది ఇక్కడి ఎండకు, నీళ్లకు అలవాటు పడాలి, ఫొటోకు నిలబడాలి, చెవికి పన్నెండంకెల ట్యాగు వేయించుకోవాలి. కంపలో దూరి ఆ ట్యాగు తెంపుకుందా, బీమా లెక్కలో అది పుట్టనే లేదు. గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు ద్వారా నడిచిన పాడి పథకంలో 25 శాతం సబ్సిడీ ఉండేది గానీ, రైతు చేతికి వచ్చేది కాదు. బ్యాంకులోనే పక్కన పెట్టి అప్పు చివర్లో సర్దేవారు. అప్పటికి బర్రె నాలుగైదు ఈతలు ఈని ముసలిదైనా, సబ్సిడీ మాత్రం పడుచుగానే ఉండేది.

లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకం కథ వేరు. 2014లో విజయ డెయిరీకి పాలు పోసేవాళ్లకు ఇస్తామన్నారు. 2017లో మదర్, ముల్కనూరు, కరీంనగర్ డెయిరీల రైతులకూ వర్తింపజేశారు. నిజంగా మంచి పని, ఇందులో వెటకారం లేదు. వెటకారమంతా బకాయిలది. పాల కేంద్రంలో వెన్న శాతం తగ్గితే కోత అక్కడికక్కడే. సర్కారు ఇవ్వాల్సింది మాత్రం నెలల తరబడి పేరుకుపోయేది, రైతులు ధర్నాకు కూర్చుంటే గానీ కదిలేది కాదు.

ఈ పద్ధతి బర్రెలకూ నేర్పించాలని నా మనవి. దూడ పొదుగు దగ్గరికి వస్తే, ‘పాలు మంజూరయ్యాయి, ఇంకా విడుదల కాలేదు’ అని చెప్పి పంపేస్తుంది. చెంబు పట్టుకుని కూర్చున్న రైతుకూ అదే జవాబు. వచ్చే త్రైమాసికంలో మొదటి విడతగా పావు లీటరు.

అది కుదరదంటే కాగితపు జాతినే గుర్తించండి. చెవికి ట్యాగు అక్కర్లేదు, ఫైలు ట్యాగు చాలు. కొట్టం కట్టనక్కర్లేదు, బీరువా ఉంది. పెంపకందార్లకు శిక్షణ మండలాఫీసు ఎదుటి జెరాక్స్ సెంటర్లో పెట్టుకోవచ్చు. కాకపోతే కరెంటు పోయిన రోజు పాల దిగుబడి కాస్త తగ్గుతుంది.