ఆ పెడళ్లను తప్పుపట్టకండి

అమెరికా జాజ్ వాద్యకారులైన బ్రెకర్ సోదరుల ఆల్బమ్ 'హెవీ మెటల్ బీబాప్' గురించి మీ సమీక్షలో శ్రద్ధగా రాశారు, సంతోషం. అయితే ఎలక్ట్రానిక్ హంగులు అన్నదమ్ముల వాద్యాన్ని మింగేశాయన్న మీ మాటను ఒప్పుకోలేను. 1978 నాటి ఈ ఆల్బమ్‌లో ఎక్కువ భాగం శ్రోతల ముందు వాయించినదే. టెర్రీ బోజియో డ్రమ్స్, బ్యారీ ఫినర్టీ గిటార్ అంత జోరుగా మోగుతుంటే అన్న ర్యాండీ ట్రంపెట్, తమ్ముడు మైకేల్ శాక్సొఫోన్ వాటికి దీటుగా నిలవాలి కదా! గిటార్ వాళ్లు కాలితో తొక్కి స్వరాన్ని 'వా-వా' అనిపించే వావా పెడల్‌ను ఊదే వాద్యాలకు తగిలించింది అందుకే.

ఇందులోని 'సమ్ స్కంక్ ఫంక్' మళ్లీ వినండి. ర్యాండీ రాసిన ఆ వరుస 1975లో వాళ్ల తొలి ఆల్బమ్‌లోనే ఉంది. కానీ ఇక్కడి వేగం వేరు, తెగువ వేరు. స్వరాలు ఎక్కడి నుంచి ఎక్కడికో దూకుతుంటే ఇద్దరూ ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసి దూకుతారు. మా విజయనగరంలో పెళ్లి ఊరేగింపుల్లో జోడు సన్నాయిలు విన్న చెవులకు ఆ కలయిక విలువ వెంటనే తెలుస్తుంది. ఆ పొందిక ఏ యంత్రమూ ఇవ్వలేదు.

ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు పాఠాలు చెప్పిన 1919 నాటి మా సంగీత కళాశాల పిల్లలకు కూడా ఈ ఆల్బమ్ వినిపించాలని నా కోరిక.

1992లో అన్నదమ్ములు మళ్లీ కలిసి చేసిన ఆల్బమ్ మీద కూడా రాయండి. మైకేల్ 2007లో కన్నుమూశారు. ఆయన గురించి తెలుగులో ఇంకా ఎంతో రావాలి.