మిగులు ఆసక్తులను కౌంటర్‌లో అప్పగించవలెను

కాలేజీ దరఖాస్తులో మేజర్, అంటే ప్రధానంగా చదవబోయే సబ్జెక్టు, అనే మాట పక్కన ఒక గడి ఉంటుంది. ఒకటే ఉంటుంది. పదిహేడేళ్ల మనిషికి ఎంత ఆసక్తి ఉండాలో ఆ గడి కొలత చూస్తేనే తెలిసిపోవాలి. అయినా ప్రతి ఏడాదీ కొందరు బయల్దేరతారు. లెక్కలంటే ఇష్టమట, నాటకాలంటే ప్రాణమట, పురాతన లిపులు కూడా నేర్చుకోవాలని ఉందట. వీళ్ల వల్ల ఆ గడి పడే ఇబ్బంది గురించి ఇంతవరకు ఒక్కరూ మాట్లాడలేదు. ఎవరో ఒకరు మాట్లాడాలి కాబట్టి నేను మాట్లాడుతున్నాను.

ఓదార్పు మాటలతో తీరే సమస్య కాదిది. చట్టం కావాలి. భూమికి గరిష్ఠ పరిమితి పెట్టిన దేశాలున్నాయి. విమానంలో పెట్టెల బరువుకి పరిమితి ఉంది. ఆసక్తులు మాత్రం ఎవరికి తోచినన్ని వాళ్లు ఉంచుకోవచ్చట!

ఇది ఈ తరానికే వచ్చిన జబ్బు కాదు. విలియం హెర్షెల్ సంగతి చూడండి. ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో ఒక ప్రార్థనా మందిరంలో ఆర్గన్ వాయించే ఉద్యోగం. శిష్యులు, కచేరీలు, మంచి పేరు. బుద్ధిగా వాయించుకోకుండా, తీరిక దొరికితే చాలు అద్దాలు అరగదీసి టెలిస్కోపులు చేసుకునేవాడు. చివరికి ఏం జరిగింది? 1781 మార్చి 13న యురేనస్ కనిపెట్టాడు. శనితో ముగిసిపోయిన సౌరకుటుంబానికి ఒక గ్రహం, పిల్లల బట్టీకి ఒక పేరు అదనంగా వచ్చిపడ్డాయి. రష్యాలో బొరొదిన్ ఇంకో రకం. వృత్తి రసాయన శాస్త్రం, వ్యాపకం సంగీతం. 1869లో ఒక ఒపెరా మొదలుపెట్టి, 1887లో చనిపోయేనాటికీ పూర్తి చేయలేదు. మిగిలింది మిత్రులు పూర్తి చేశారు. ఒకరి ఆసక్తుల భారం పక్కవాళ్లు మోయడమంటే ఇదే.

డార్విన్‌ని వాళ్ల నాన్న 1825లో వైద్యం చదవమని ఎడిన్‌బరాకి పంపాడు. మత్తుమందు లేని రోజుల ఆపరేషన్లు చూడలేక అబ్బాయి తిరిగొచ్చేశాడు. సరే, మతబోధకుడివైనా అవ్వమని కేంబ్రిడ్జికి పంపితే అక్కడ పురుగుల్ని ఏరుకుంటూ తిరిగాడు. 1831లో డిగ్రీ చేతికొచ్చింది, అదే ఏడాది చివర్లో ఓడెక్కాడు. చదివిన చదువుకి తగ్గ ఉద్యోగంలో కుదురుకుని ఉంటే కోతుల ప్రస్తావన లేకుండా మానవజాతి ఎంత గౌరవంగా బతికేదో ఊహించండి.

సైన్స్ తన వంతు సాయం చేయకపోలేదు. జాన్ హాలండ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో చేరేవాళ్లని ఇంటర్వ్యూ చేసే పనిలో ఉండగా, మనుషులు కొద్ది రకాలుగానే ఉంటారని గమనించాడు. 1959లో దాన్ని సిద్ధాంతంగా రాశాడు. రకాలు ఆరు: చేతులతో పనిచేసేవారు, పరిశోధించేవారు, కళలవైపు మొగ్గేవారు, నలుగురికీ సాయపడేవారు, నలుగురినీ నడిపించేవారు, లెక్కాపత్రం సర్దేవారు. భూగోళం మీద ఉన్న జనమంతా ఆరులో సర్దుకుపోయారు. నాకు కళ్లు చెమర్చాయి. కానీ హాలండ్ అక్కడితో ఆగలేదు. ఒక్కో మనిషిలో బలంగా ఉన్న మూడు రకాలను వరుసలో పెట్టి చూడమన్నాడు. అలా చూస్తే 120 కలయికలు వస్తాయి. ఈ మెతకదనమే కొంప ముంచింది.

ఇంకా ఘోరం ఏమిటంటే, ఎవరు ఏ రకమో తేల్చడానికి పెట్టే పరీక్ష కొందరు రాస్తే ఆరింటికీ దాదాపు సమానంగా మార్కులొస్తాయి. గ్రాఫు గచ్చునేలలా చదునుగా ఉంటుంది. కౌన్సెలర్‌కి టెన్షన్ పట్టుకుంటుంది. కాగితం తిప్పి చూస్తాడు, కళ్లజోడు తుడుచుకుంటాడు. “జవాబులు నిజాయితీగానే రాశావా అమ్మా?” అని అడుగుతాడు. రాశానంటుంది ఆ పిల్ల. అబద్ధం రాసి ఉంటే ఈపాటికి సీటొచ్చేది.

ఇక స్కోప్ విషయం. ఏ సబ్జెక్టుకి స్కోప్ ఉందో, దేనికి లేదో చెప్పగల పెద్దలు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. వీళ్లందరికీ ఆదిపురుషుడు అనదగిన వ్యక్తి మ్యూనిక్‌లో భౌతికశాస్త్రం చెప్పిన ఫిలిప్ ఫాన్ జోలీ. 1870లలో మాక్స్ ప్లాంక్ అనే కుర్రవాడు ఆయన దగ్గరకి వెళ్లాడు. పియానో, ఆర్గన్, చెల్లో మూడూ వాయించగలడు, సంగీతమా సైన్సా తేల్చుకోలేక నలిగిన వాడు. భౌతికశాస్త్రం దాదాపు పూర్తయిపోయింది బాబూ, అక్కడక్కడా ఓ మూల చిన్న నలుసో బుడగో మిగిలి ఉండొచ్చు అని జోలీ చెప్పాడు. అంటే స్కోప్ లేదని. కుర్రవాడు వినలేదు. మిగిలిన ఆ నలుసు దగ్గరే కూర్చుని 1900లో క్వాంటం సిద్ధాంతానికి పునాది వేశాడు. పూర్తయిన శాస్త్రం కాస్తా మళ్లీ మొదటికొచ్చింది. జోలీ అప్పటికే కన్నుమూశాడు కాబట్టి ఈ దారుణం చూడలేదు. ఆయన వారసులు మాత్రం క్షేమం. నిన్న కంప్యూటర్లు తప్ప మరోటి దండగ అన్న నోటితోనే ఇవాళ కంప్యూటర్లు దండగ అంటున్నారు. రెండుసార్లూ గొంతులో అదే ధీమా.

గడి నింపినంత మాత్రాన కుదురుగా ఉంటారా అంటే అదీ లేదు. అమెరికాలో 2011-12లో బ్యాచిలర్ డిగ్రీలో చేరి మేజర్ ఎంచుకున్నవాళ్లలో మూడేళ్లు తిరిగేసరికి సుమారు మూడోవంతు మంది మేజర్ మార్చుకున్నారని ప్రభుత్వ విద్యా గణాంకాలు చెబుతున్నాయి. పదిహేడేళ్లప్పుడు తీసుకున్న నిర్ణయానికి ఇరవై ఏళ్లకే కట్టుబడి ఉండని వీళ్లు రేపు దేనికి కట్టుబడతారు?

అందుకని నా ప్రతిపాదన ఇదీ. అడ్మిషన్ రోజున ప్రతి విద్యార్థీ ఒక ఆసక్తిని దగ్గర ఉంచుకుని, మిగిలినవి కౌంటర్‌లో అప్పగించి రసీదు తీసుకోవాలి. దాచిపెట్టినట్టు తేలితే, ఉదాహరణకి అకౌంటెన్సీ విద్యార్థి లైబ్రరీలో పక్షుల పుస్తకంతో పట్టుబడితే, మొదటిసారికి మందలింపు. రెండోసారికి తల్లిదండ్రుల ముందు ఆ పుస్తకం గట్టిగా చదివించి, విసుగ్గా ఉందని ఒప్పించాలి. డబుల్ మేజర్ అడిగేవాళ్లకి రెండు పరీక్షలూ ఒకే పూట, రెండు వేర్వేరు భవనాల్లో పెట్టాలి. వారాంతపు హాబీలు కొన్నింటికి మినహాయింపు ఇవ్వవచ్చు, వాటిలో ప్రతిభ చూపకూడదన్న షరతు మీద.

చదువు అయిపోయాక చిన్న చిక్కు ఉంది. ఉద్యోగ ప్రకటనలు రాసేవాళ్లకి మన చట్టం తెలియదు. కోడింగ్ రావాలి, చక్కగా రాయడం రావాలి, నలుగురితో కలుపుగోలుగా మాట్లాడాలి, డిజైన్ మీద కన్నుండాలి, కొత్తది ఏదైనా చటుక్కున నేర్చుకోవాలి అని ఒక్క కుర్చీకే అడుగుతున్నారు. అందువల్ల డిగ్రీ పట్టా చూపించినవారికి కౌంటర్‌లోని ఆసక్తులు తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉంచాను. నిల్వ రుసుము కట్టాలి. నాలుగేళ్లలో పాడైపోయినవాటికి యాజమాన్యం బాధ్యత వహించదు.

అమలు చూడటానికి కమిటీ వేయాలి. సభ్యులకు ఒకటికి మించి ఆసక్తి ఉండకూడదన్నది కనీస అర్హత. ఆరా తీస్తే పరీక్షల అధికారి రాత్రంతా చదరంగం ఆడుతున్నాడని తెలిసింది. న్యాయశాస్త్రం ప్రొఫెసర్ గులాబీలకి అంట్లు కడుతున్నారు. ఫీజులు తీసుకునే ఆవిడ వయొలిన్ నేర్చుకుంటోంది. చివరికి నిఖార్సయిన మనిషి ఒక్కరు దొరికారు. కమిటీల్లో కూర్చోవడం తప్ప ఆయనకి ఈ లోకంలో మరే ఆసక్తీ లేదు. ఇప్పటికే పదకొండు కమిటీల్లో ఉన్నారు కాబట్టి మనకింకా తేదీ ఇవ్వలేదు.